తొమ్మిది మందికి ఒకే మాట

నా పుస్తకాలు చదివిన కుర్రవాళ్ళు నా మీద చేసే ఫిర్యాదు ఒకటుంది. "సార్, మీరు ఒకప్పుడు వకీలు కదా. ఒక సంగతి గురించి నలుగురు నాలుగు రకాలుగా చెబితే ఏది నిజమో తేల్చాలి. నాలుగూ అచ్చేసి చేతులు దులుపుకుంటారేంటి?" అని. మొన్న ఒక పరిశోధక విద్యార్థిని ఫోన్ చేసి ఇంకాస్త మర్యాదగా ఇదే అడిగింది. సరైన జవాబు చెప్పలేక నసిగాను. ఇది ఆ జవాబు. కాస్త పొడుగ్గా ఉంటుంది, చెప్పేలోగా నా పరువు కూడా కొంత పోతుంది. ఎనభైకి దగ్గరపడ్డవాడికి పరువుతో అంత పనేముంది గనక.

జగిత్యాల మున్సిఫ్ కోర్టులో నాలుగేళ్ళు నల్లకోటు వేసుకుని చెట్టు కింద కూర్చున్నాను. కేసులు నన్ను చూసి పక్కకు తప్పుకుని పోయేవి. ఆయిల్ ధరలు ఎగబాకి, మా జిల్లా మగవాళ్ళంతా విమానాలెక్కుతున్న రోజులవి. రెవెన్యూ ఆఫీసులో పనిచేసిన మా నాన్న చిన్నప్పుడే నాకు ఉర్దూ నేర్పించాడు. ఆ ఉర్దూ, కోర్టు ఇంగ్లీషు కలిసి నన్ను దోహాలో ఒక కట్టుబడి కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా కూర్చోబెట్టాయి. మా ఇంట్లోవాళ్ళు మాత్రం ఊరందరికీ "మావాడు దుబాయ్‌ల వకీలు" అని చెప్పుకున్నారు. అది దుబాయ్ కాదు, నేను అక్కడ వకీలునూ కాదు. మా కంపెనీలో పనిచేసే మనవాళ్ళు కూడా నన్ను వకీల్ సాబ్ అనే పిలిచేవాళ్ళు. వద్దని ఒక్కసారి కూడా అనలేదు. నిజం చెప్పాలంటే ఆ పిలుపు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

నేను దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో మరో నలుగురితో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. మనవాళ్ళు ఉండే క్యాంపు ఊరి చివర ముఐథర్‌లో. అల్ సద్‌లో కంపెనీ కడుతున్న అయిదంతస్తుల భవనం దగ్గర వాళ్ళకు డ్యూటీ. ఒక ఉదయం అక్కడ క్రేను దించుతున్న పలకల కట్ట ఒక మేస్త్రీ పాదం మీద పడింది. పాదం నుజ్జయింది, మనిషి బతికాడు. ఆ నొప్పిలో ఆయన ఏమీ చూడలేదు.

క్రేను పైన కూర్చున్న ఆపరేటరుకు కింద ఏముందో సరిగ్గా కనబడదు. కింద ఒక మనిషి నిలబడి చేతులతో దించమనో ఆపమనో సైగ చేస్తాడు. ఆయన్ని సిగ్నల్‌మ్యాన్ అంటారు. మా సిగ్నల్‌మ్యాన్ కోరుట్ల పక్క ఊరివాడు. "వీడు దించమనే సైగ చేశాడు" అని ఆపరేటరు పోలీసులకు చెప్పాడు. "ఆపమని రెండు చేతులు అడ్డం పెట్టిన" అని మావాడు చెప్పాడు. పోలీసులు అతని పాస్‌పోర్టు తీసుకుని, కంపెనీ పూచీ మీద క్యాంపుకు పంపారు. నేరం అతనిదని తేలితే జైలు, జైలు తర్వాత ఊరికి విమానం. సైటులో పని ఆగిపోయింది. మా మేనేజరు నన్ను పిలిచి, "అక్కడున్న కూలీల వాంగ్మూలాలు రాసుకుని రా. ఏదో ఒకటి, అందరూ ఒక్క మాట చెప్పేటట్టు చూడు. యల్లా, తొందరగా" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే సైటుకు వెళ్ళి తొమ్మిది మందిని కూర్చోబెట్టి, సిమెంటు చలానాల వెనక వైపు తెలుగులో రాసుకున్నాను. ఎవరేమంటే అదే రాశాను, ఎందుకంటే ఆలోచించే తీరిక లేదు. ఒకాయన నీళ్ళ డ్రమ్ము దగ్గర ఉన్నాడు. ఒకాయన తలగుడ్డ కట్టుకుంటున్నాడు. ఇద్దరు కేక విని వెనక్కి తిరిగారు. "నేను చూడలే సాబ్, కని ఆయన గట్ల చేసేటోడు కాదు" అని ఒక పెద్దవయసాయన. ఎనిమిది మంది ఇలాగే. సైగను కళ్ళతో చూసినవాడు ఒక్కడే. స్లాబుకు ఇనుప చువ్వలు కట్టే స్టీల్ ఫిక్సరు. రెండో అంతస్తు మీద కూర్చుని సూటిగా కిందికే చూస్తున్నాడట.

"ఆనికి నాకు ఎనిమిది నెలల సంది మాటల్లేవు" అని మొదలుపెట్టాడు ఫిక్సరు. "ఆని పేరు నా నోట్లకెల్లి రాదు. కని చేతులు రెండు అడ్డం పెట్టిండు. చూసిన."

కాగితం మీద అక్షరం పొల్లుపోకుండా ఇదంతా ఉంది. చదువుకుంటూ లెక్కపెట్టాను. తొమ్మిది మంది సాక్షుల్లో ఎనిమిది మంది చూడనివాళ్ళు, చూసినవాడు ముద్దాయితో పగ ఉన్నవాడు! జగిత్యాలలో మా సీనియరు ఒక మాట అనేవాడు: సాక్షుల మాటల్లో వేలెడు సందుంటే ఎదుటి వకీలు అందులోంచి ఎడ్లబండి తోలుకుపోతాడు, అని. నాకు అన్నీ సందులే కనబడ్డాయి. 'మాటల్లేవు' అనే వాక్యం చూడగానే కొట్టేయాలనిపించింది, ఒక గీత గీసి కొట్టేశాను. పగవాడు వ్యతిరేకంగా చెబితేనే కదా అనుమానించాలి, తరఫున చెబితే అంతకన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది? ఈ ముక్క ఇప్పుడు మీలో ఎవరికైనా తడుతుంది. నాలుగేళ్ళు నల్లకోటు వేసుకున్నవాడికి తట్టలేదు.

శుక్రవారం సెలవు. పొద్దున్నే ముఐథర్ క్యాంపుకు వెళ్ళాను. "వకీల్ సాబ్, మీరెట్ల చెప్తె అట్ల" అని తొమ్మిది మందీ ప్లైవుడ్ గదిలో నా చుట్టూ కూర్చున్నారు. మా ఊళ్ళల్లో పంచాయితీకి పోయేముందు మనవైపు వాళ్ళంతా కూర్చుని ఒక్క మాట మీదికి రావడం ఉంది. దాన్ని వాళ్ళెవరూ అబద్ధమనుకోరు, కట్టుబాటు అనుకుంటారు. నాకూ అలాగే అనిపించింది. వాళ్ళు చెప్పబోయే మాటల్లో తొమ్మిది మందినీ సైటులో ఒకే చోట నిలబెట్టాను, ఒకే వైపు చూడమన్నాను, ఒకే వాక్యం నేర్పాను: "మేమందరం అక్కడే ఉన్నాం, అతను రెండు చేతులూ అడ్డం పెట్టాడు, మేమందరం చూశాం." ఒక్కొక్కరిచేత అప్పజెప్పించాను. తడబడినవాళ్ళకు భయం పోవడానికి, "మధ్యల మర్చిపోతే నా దిక్కు చూడున్రి, నేనక్కడనే ఉంట" అని కూడా చెప్పాను.

ఫిక్సరు ఒక్కడే అడిగాడు. "నేను మీద కూసున్న గద సాబ్. కిందికెందుకు దిగాలె?"

"అందరు ఒక్క తీరుగ ఉంటేనే నమ్ముతరు."

"మీద కూసుంటేనే గద మంచిగ కనవడేది!"

"నువ్వు నాకు నేర్పుతవా?" అన్నాను. అతను ఆ వాక్యం మళ్ళీ అప్పజెప్పాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. సాక్షి, ముద్దాయి ఎడమొగం పెడమొగంగా ఉంటే ఎలా అని, మెస్సులో వంట చేసే పెద్దమనిషికి చెప్పి ఇద్దరికీ రాజీ కూడా చేయించాను. ఆయన ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒక్క కంచంలో తినిపించాడు. మొదటి ముద్ద ఇద్దరూ మొహాలు తిప్పుకుని తిన్నారు. నాలుగో ముద్దకు ఒకరికొకరు నీళ్ళందించుకున్నారు. అందరూ సంతోషించారు. కేసు గెలిచినంత గర్వంగా గదికొచ్చి పడుకున్నాను.

శనివారం విచారణ. పోలీసు కార్యాలయంలో పెద్దాధికారిని అందరూ ముదీర్ అనేవాళ్ళు. గడ్డం నెరిసిన స్థానికుడు, గొంతు పెంచని మనిషి. హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చిన ఒకాయన దుబాసీ, మా తెలుగును ఆయనకు అరబ్బీలో చెప్పేవాడు. నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. సాక్షులు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి వస్తున్నారు. మొదటి ముగ్గురూ నవ్వుతూ వచ్చారు. నాలుగోవాడు నవ్వలేదు. అయిదోవాడు నా మొహం చూడకుండా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

దుబాసీ బయటికొచ్చి నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు. "సాబ్, ముదీర్‌కు సమజ్ అయిపోయింది. నాలుగో మనిషి కాడనే కలం కింద పెట్టేసిండు. ఆ దినం ముద్దాయి అంగీ ఏ రంగు అని అడిగిండు. ఒకడు నీలం అన్నడు, ఒకడు తెల్లది, ఒకడు అంగీ లేదనిండు. మళ్ళ అడిగిండు: తొమ్మిది మంది ఆయన చేతులే చూస్తుంటే పని ఎవరు చేస్తున్నరు?"

"ఇప్పుడేంది?"

"అందరిది ఒకటే సబక్, ఒకటే పాఠం, మాస్టర్ ఎవరు అంటున్నడు. మంగళవారం అందరు రావాలె. మాస్టర్ భీ రావాలె."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే నా చేతిలోని కాగితాలు వెనక్కి దాచుకున్నాను. దుబాసీ చూశాడు.

మంగళవారానికి మధ్య రెండు రోజులు. ఆ రెండు రోజులూ నేనేం తిన్నానో గుర్తులేదు. ఒక్క మనిషిని జైలు నుంచి తప్పించబోయి, తొమ్మిది మంది మీద దొంగసాక్ష్యం నేరం పెట్టించాను. అబద్ధపు సాక్ష్యం తెచ్చుకున్నాడంటే సిగ్నల్‌మ్యాన్ తప్పు చేసినట్టే లెక్క. చేతులు అడ్డం పెట్టిన నిజం కూడా నా అబద్ధం కింద పడి నలిగిపోయింది. మేనేజరు తలుపు వేసి మరీ చెప్పాడు: "వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని వచ్చారను. నువ్వు రాసుకున్నావంతే. లేకపోతే నీ వీసా సంగతి నేను చూడలేను." ఆ మాట విని నాకు కోపం రాలేదు, హాయిగా అనిపించింది. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆదివారం సాయంత్రం క్యాంపుకు వెళ్ళాను. తిడతారనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. సిగ్నల్‌మ్యాన్ చాయ్ తెచ్చి నా చేతికిచ్చాడు. "మీరున్నరు గద వకీల్ సాబ్, మాకేం రందీ లేదు" అన్నాడు. తాగకుండానే గ్లాసు నేల మీద పెట్టాను. అంతవరకు ఇష్టంగా విన్న ఆ పిలుపు ఆ రోజు చెవిలో సీసం పోసినట్టుంది. వీళ్ళు ఊరికి పోతే నావల్ల, జైలుకు పోతే నావల్ల. ఇంకా నన్నే నమ్ముకుని కూర్చున్నారు.

మంగళవారం వరండాలో వాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఫిక్సరుకు దగ్గు వస్తే సిగ్నల్‌మ్యాన్ లేచి వెళ్ళి నీళ్ళు తెచ్చిచ్చాడు. సరిగ్గా అప్పుడే ముదీర్ అటుగా నడిచి లోపలికి పోయాడు. చూశాడు.

నన్ను పిలిచారు. మేనేజరు చెప్పమన్న వాక్యం నోటిదాకా వచ్చింది. దుబాసీ నావైపే చూస్తున్నాడు, ఆయన చూడకపోతే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలియదు. "నేనే నేర్పాను" అని ఉర్దూలో అన్నాను. ఆయన అరబ్బీలోకి మార్చాడు. సిమెంటు చలానాలు బల్ల మీద పెట్టాను. "నేర్పకముందు వాళ్ళు చెప్పింది ఇది. ఎనిమిది మంది చూడలేదు. చూసినవాడు ఒక్కడే, వాడికి ముద్దాయితో పగ."

దుబాసీ ఫిక్సరు కాగితం చదివి వినిపించాడు. ముదీర్ విని, మెల్లగా అన్నాడు. "పగ అంటున్నావు. ఇప్పుడే ఒకరికొకరు నీళ్ళు తెచ్చిచ్చుకోవడం చూశాను."

"రాజీ కూడా నేనే చేయించాను."

"అదీ నువ్వేనా!" అన్నాడాయన. "ఈ కాగితాలు మాత్రం నువ్వు చేసినవి కావని ఎలా నమ్మను?"

ముదీర్ ఫిక్సరును పిలిపించాడు. "నీకూ ముద్దాయికీ ఏమైంది?" అని అడిగించాడు.

ఫిక్సరు నావైపు చూశాడు. మర్చిపోతే నా దిక్కు చూడమన్నది నేనే కదా. నేను తల దించుకున్నాను. అతను అన్నాడు. "ఏం కాలే సాబ్. దోస్తులం."

ముదీర్ నా కాగితాలను ఒక దగ్గరికి చేర్చి పక్కన పెట్టేశాడు. అయిపోయింది అనుకున్నాను. అడగకుండా మాట్లాడకూడదని తెలిసీ లేచి నిలబడి, "నేను చెప్పినయన్నీ మర్చిపో. తప్పు చెప్పిన నేను. ఉన్నది చెప్పు, నీకు దండం పెడత" అని తెలుగులో అరిచాను. బల్ల మీద ముదీర్ చెయ్యి దబ్బున పడింది. జవాను వచ్చి నా రెక్క పట్టుకున్నాడు.

ఫిక్సరు దుబాసీవైపు తిరిగాడు. "నేను ఊర్ల బావి తవ్విస్తున్న. వీడు ఛుట్టీ మీద పోతుంటె మా ఊరికి పోయి నీళ్ళు పడ్డయా లేవా చూసి రమ్మన్న. వచ్చి, పడ్డయి, మంచిగ పడ్డయి అన్నడు. నేను క్యాంపంత మిఠాయి పంచిన. నెలకు ఉత్తరమొచ్చింది, రాయి పడ్డది, తవ్వుడు ఆపేసినమని. వీడు అసలు పోనే లేదు. రెండు కోసుల దూరం, పోలే!" చెబుతూ చెబుతూ గొంతు లేచింది. "క్యాంపంత నవ్విండ్రు నన్ను చూసి. పిలువున్రి వాన్ని, అడుగున్రి!"

పిలిచారు. సిగ్నల్‌మ్యాన్ గుమ్మంలో నిలబడి తల వంచుకున్నాడు. "ఎండ మస్తు గొడుతుండె... నువ్వు సంబురపడతవని చెప్పిన."

"సంబురపడతనా! నా బతుకు నవ్వులపాలు చేసి సంబురమా! ఒక్క కంచంల తిన్నంత మాత్రాన మర్చిపోతననుకున్నవా?"

దుబాసీ ఇద్దరి మధ్యా అందుకోలేక చేతులెత్తేశాడు. ముదీర్ ఆపలేదు. కేకలు తగ్గాక ఆయన అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు. "ఎంత లోతు తవ్వారు?" అన్నాడు.

"పదమూడు గజాలు."

"ఏ రాయి?"

"నల్లరాయి సాబ్. సమ్మెట పెడితె నిప్పులొచ్చేది."

ఆయన తల ఆడించాడు. ఆ దేశంలో ఆయన వయసువాళ్ళకు బావి సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. "బావి గురించి నీకు అబద్ధం చెప్పిన మనిషి వీడు. వీడు చేతులు అడ్డం పెట్టాడని నువ్వే చెబుతున్నావు. ఎందుకు?"

"ఆని మొకం మీద నాకు కోపం సాబ్" అన్నాడు ఫిక్సరు. "చేతుల మీద ఏం కోపం? పెట్టిండు. మీదికెల్లి చూసిన."

ముదీర్ కలం తీసుకుని, అదొక్కటే రాసుకున్నాడు.

ఆపరేటరును మళ్ళీ పిలిచి గట్టిగా అడిగితే, ఎండ కళ్ళల్లో పడి సైగ సరిగ్గా చూడలేదని ఒప్పుకున్నాడట. వారం తిరక్కుండా సిగ్నల్‌మ్యాన్ పాస్‌పోర్టు వెనక్కి వచ్చింది. మిగతా ఎనిమిది మందిని మందలించి వదిలేశారు. నన్ను కూడా. బయటికొస్తుంటే దుబాసీ వీపు తట్టి, "మాస్టర్ పని మీకు మాఫీ సాబ్, వేరే పని చూసుకోన్రి" అన్నాడు. ఆ తర్వాత నేను ఆ దేశంలో ఉన్న కాలమంతా, ప్రతి శుక్రవారం ముఐథర్ క్యాంపులో కూర్చుని వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ఎవరి మాటకూ ఎవరి మాటా కలవలేదు, కలపలేదు. నా పుస్తకాలన్నీ ఆ రాతల్లోంచి వచ్చినవే. నల్లకోటు మళ్ళీ వేసుకోలేదు.

ఇక్కడితో ఆపితే నాకు బాగుంటుంది. కానీ ఇంకొంత ఉంది.

తప్పు ఆపరేటరుదని తేలడం కంపెనీకి నచ్చలేదు. సైగ చేసే కూలీలు ఎంతమందైనా దొరుకుతారు, క్రేను నడిపేవాడు దొరకడు. నన్ను తీసేస్తారనుకుని పెట్టె సర్దుకున్నాను, తీసేయలేదు. నాలాగా రెండు భాషలు రాసేవాడు దొరకడం కష్టమని కాబోలు. మేనేజరు పిలిచి ఒక ఉత్తరం చెప్పి రాయించాడు. ఫలానా స్టీల్ ఫిక్సరు విచారణలో మొదట అబద్ధపు వాంగ్మూలం ఇచ్చినందున అతన్ని ఉద్యోగంలోంచి తొలగించి స్వదేశానికి పంపడమైనది, అని. ఆ అబద్ధం నేను నేర్పిందేనని ఆయనకు తెలుసు. నేను కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. "సార్, ఇది అన్యాయం" అని ఒక్కసారి అన్నాను. "టైపు చెయ్యి" అన్నాడు. చేశాను. మూడు ప్రతులు తీశాను.

విమానాశ్రయానికి కంపెనీ వ్యానులో నేనే తీసుకెళ్ళాను. అతని దగ్గర ఒక పెట్టె, ఒక దుప్పటి చుట్ట. లోపలికి వెళ్ళేముందు అతని చేతులు పట్టుకున్నాను. క్షమించమనే మాట బయటికి రాలేదు, ఏడుపొచ్చింది. అతను చేతులు విడిపించుకుని, "మీరు మొదటినాడు రాసుకున్న కాయితం ఉన్నదా?" అని అడిగాడు.

"ఉంది" అన్నాను.

"పారెయ్యకున్రి" అన్నాడు. "అబద్ధం చెప్పిన్నని కంపెనీ కాయితం మీద ఉన్నది. మొదలు నిజమే చెప్పిన్నని ఒక్క కాడన్న ఉండాలె గద."

పెట్టె ఎత్తుకుని వరుసలోకి వెళ్ళిపోయాడు.